ఖాళీగా ఉంటే మాయమయ్యే నెట్‌వర్క్ కార్డు: ఒక కేస్ స్టడీ

ఈ కేసులో "ఇక సమస్య తీరింది" అని నేను మూడుసార్లు చెప్పాను. మొదటి రెండుసార్లూ ఆ మాట నిలబడలేదు. రాయాలనిపించింది అందుకే. ఆఫీసు ఎవరిదో గుర్తుపట్టే వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చాను. మెషీన్ కంపెనీ పేరు, కార్డు కంపెనీ పేరు రాయడం లేదు. ఎందుకు రాయనక్కర్లేదో చివరికొచ్చేసరికి తెలుస్తుంది.

నేపథ్యం

పదకొండు డెస్క్‌టాప్‌లున్న చిన్న ఆఫీసు. అన్నీ ఒకే మోడల్, ఒకేసారి కొన్నవి, అన్నింట్లోనూ విండోస్ 10. విడిగా సర్వర్ లేదు. ఆ పదకొండులో ఒకదాన్ని మూలన పెట్టి, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ డేటా, స్కాన్ చేసిన కాగితాలు అందులో ఉంచి, మిగతావాళ్ళు నెట్‌వర్క్ మీద వాడుకుంటారు. దాన్ని అక్కడందరూ 'మెయిన్ సిస్టమ్' అంటారు, ఇక్కడ నేనూ అలాగే అంటాను. దాని ముందు ఎవరూ కూర్చోరు. రాత్రిళ్ళు కూడా ఆన్‌లోనే ఉంటుంది. రాత్రి ఒంటిగంటకు బ్యాకప్ నడుస్తుంది కానీ, అది మెషీన్‌లోనే ఉన్న రెండో డిస్క్‌లోకి. అంటే ఆఫీసు మూసేశాక నెట్‌వర్క్ కార్డుకు (మెషీన్‌ను కేబుల్ ద్వారా నెట్‌వర్క్‌కు కలిపే భాగం) దాదాపు పనే ఉండదు. ఈ సంగతి నాకు మొదటిరోజే చెప్పారు. నేనే పట్టించుకోలేదు.

ఫిర్యాదు

నన్ను పిలిచేసరికి సమస్య మొదలై మూడు నెలలు కావస్తోంది. పొద్దున ఆఫీసు తెరిచేసరికి మెయిన్ సిస్టమ్ నెట్‌వర్క్‌లో కనపడదు. రోజూ కాదు. ఒక్కోసారి వరసగా రెండు రోజులు, ఒక్కోసారి ఆరు రోజుల దాకా ఏమీ ఉండదు. అప్పుడప్పుడు మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళొచ్చేలోపు కూడా పోతుంది. పని జోరుగా సాగుతున్నప్పుడు పోయిన సందర్భం ఉందా అని అడిగితే, అకౌంటెంట్ కాసేపు ఆలోచించి, "గుర్తులేదు సార్, లేదనుకుంటా" అన్నారు. ఆ తర్వాత ఆమె చెప్పిన మాట మొత్తం కేసులోకెల్లా విలువైనది: "షట్‌డౌన్ చేసి ఆన్ చేసినా రాదు. రీస్టార్ట్ చేసినా రాదు. వెనక పవర్ వైరు పీకి కాసేపాగి పెడితే వచ్చేస్తుంది."

నాకంటే ముందు వేరే టెక్నీషియన్ చూశారు. ముందు కేబుల్ మార్చారు. తర్వాత స్విచ్‌లో (మెషీన్ల కేబుళ్ళన్నీ వచ్చి కలిసే పెట్టె) పోర్ట్ మార్చారు. ఆపైన స్విచ్చే మార్చారు. అయినా పోయేసరికి బోర్డు మీద ఉన్న నెట్‌వర్క్ పోర్ట్ చెడిపోయిందని తేల్చి, బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సొంత సెట్టింగుల్లో) దాన్ని ఆపేసి, విడిగా ఒక కార్డు వేశారు. అందులోనూ అదే చిప్. నాలుగో రోజుకి అదీ పోయింది. కార్డే చెడ్డదనుకుని అదే రకం ఇంకోటి వేశారు. నేను వెళ్ళేసరికి మొదటి కార్డు సొరుగులో ఉంది, అట్టపెట్టె మీద పెన్నుతో 'పోయింది' అని రాసి ఉంది.

ఆయన్ని తప్పుపట్టను. చేతికి అందే వస్తువుల్ని ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోవడం మంచి పద్ధతే, వస్తువులో తప్పున్నప్పుడు. కానీ బోర్డు మీది పోర్టూ పోయి, కొత్త కార్డూ నాలుగు రోజుల్లో పోయిందంటే, ఇక కార్డుల్ని అనుమానించడం మానేసి, వాటికి ఆ మెషీన్‌లో ఏం జరుగుతోందో చూడాలి. ఆ పెట్టె చూసినప్పుడు నాకొచ్చిన మొదటి ఆలోచన అదే.

మొదటి విడత: అందరూ చేసేదే నేనూ చేశాను

'పోయిన' కార్డును ఇంటికి తెచ్చి నా టెస్ట్ మెషీన్‌లో పెట్టి, రెండు రోజులపాటు ఆపకుండా పూర్తి వేగంతో డేటా పంపుతూ పరీక్షించాను. గిగాబిట్ వేగం నిలకడగా వచ్చింది, ఒక్క ఎర్రర్ లేదు. కార్డు బాగుందని రాసుకున్నాను. ఆ పరీక్షలో ఒక పెద్ద లోపం ఉంది, అది మరో పది రోజులకు గానీ నాకు తట్టలేదు.

ఆఫీసులో మాత్రం డివైస్ మేనేజర్ (పరికరాల జాబితా చూపే విండోస్ టూల్) తెరిచి, కార్డు ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌కి వెళ్ళి, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపేయడానికి కంప్యూటర్‌కు అనుమతి ఇచ్చే పెట్టెలో టిక్ తీసేశాను. నెట్‌వర్క్ ఊరికే పోతోందని ఎక్కడ అడిగినా మొదట వచ్చే సలహా ఇదే. ఆగి ఆలోచించి ఉంటే ఇక్కడ అది పెద్దగా పనికిరాదని తెలిసేది. ఆ టిక్ ప్రభావం ముఖ్యంగా మెషీన్ స్లీప్‌లోకి వెళ్ళి లేచేటప్పుడు కనిపిస్తుంది. ఈ మెయిన్ సిస్టమ్ స్లీప్‌లోకి పోదు, ఆ సెట్టింగ్ 'నెవర్'లో ఉంది. అది నేను కళ్ళారా చూశాను కూడా. చూసి, అయినా టిక్ తీసి, పైగా అదే చేత్తో కార్డు డ్రైవర్ (విండోస్ తరఫున కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) కూడా కొత్తది వేశాను. రెండు మార్పులు ఒకేసారి.

నాలుగు రోజులు ఏమీ కాలేదు. ఫోన్ చేసి తీరిందని చెప్పాను. ఐదో రాత్రి పోయింది.

సమస్యకూ సమస్యకూ మధ్య ఆరు రోజుల విరామం ఉండొచ్చని వాళ్ళు ముందే చెప్పారు. అలాంటప్పుడు నాలుగు రోజుల నిశ్శబ్దానికి అర్థమే లేదు. ఇప్పుడు నా లెక్క ఇది: అంతవరకు కనిపించిన అతి పెద్ద విరామానికి మూడు రెట్లు గడిచేదాకా బాగైందన్న మాట నోట రానివ్వను.

రెండో విడత: పోయిన మెషీన్‌ను పోయినట్టే చూడటం

మొదటి విడతలో ఒక్క మంచిపని చేశాను. "ఈసారి పోతే వైరు పీకకండి, ఏమీ ముట్టుకోకుండా నాకు ఫోన్ చేయండి" అని చెప్పి వచ్చాను. పొద్దున ఎనిమిదిన్నరకు ఫోన్ వచ్చింది. వెళ్ళి మెషీన్ వెనక్కి వంగి చూస్తే, కార్డు మీద లింకు లైటు పచ్చగా వెలుగుతోంది. స్విచ్ వైపు పోర్టు లైటు కూడా. కేబుల్ పీకితే రెండూ ఆరాయి, పెడితే రెండూ వెలిగాయి. కానీ విండోస్‌లో చూస్తే కార్డు పక్కన పసుపు గుర్తు, కోడ్ 10, అంటే ఈ పరికరం మొదలు కాలేకపోతోందని.

అప్పటిదాకా గజిబిజిగా ఉన్నది ఆ లైటుతో సగం విడిపోయింది. నెట్‌వర్క్ కార్డుకు రెండు మొహాలు ఉంటాయి. ఒకటి కేబుల్ వైపు, స్విచ్‌తో మాట్లాడేది. రెండోది బోర్డు వైపు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకు మీద ప్రాసెసర్‌తో మాట్లాడేది. కేబుల్ వైపు బతికే ఉంది, స్విచ్‌తో లింకు నిలబెట్టుకునే ఉంది. పలకనిది బోర్డు వైపు. అంటే ముందు మార్చిన కేబులూ, స్విచ్చూ ఈ కథలో లేనే లేవు. మూడు నెలల క్రితమే ఎవరైనా వైరు పీకేముందు వెనక్కి వంగి ఒకసారి చూసుంటే సరిపోయేది.

విండోస్ తనలో జరిగేవి రాసుకునే చిట్టాను చూపే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తీశాను. రాత్రి 2:17కి ఎన్‌డీఐఎస్ (నెట్‌వర్క్ డ్రైవర్లను చూసుకునే విండోస్ భాగం) నుంచి ఐడీ 10400తో ఒక హెచ్చరిక. ఆ సందేశం సారాంశం: నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ రీసెట్ అవుతోంది, కారణం హార్డ్‌వేర్ ఆదేశాలకు స్పందించడం మానేసిందని డ్రైవర్ గుర్తించింది. చివర్లో, మొదలైనప్పటి నుంచి ఇది ఎన్నోసారి రీసెట్ అయిందో అంకె కూడా ఉంటుంది. వెనక్కి వెళ్తే మూడు నెలల్లో ఇలాంటివి డజన్లకొద్దీ ఉన్నాయి. చాలాసార్లు రీసెట్ అయి కొన్ని సెకన్లలో తేరుకుంది, రాత్రి కాబట్టి ఎవరికీ తెలియలేదు. కొన్నిసార్లు రీసెట్ కూడా విఫలమైంది. ఆఫీసు చూసింది ఆ కొన్నింటినే. కేబుల్ ఊడినట్టు, లింకు పోయినట్టు ఒక్క ఎంట్రీ కూడా లేదు. లైటు చెప్పిందీ అదే.

ఇక వైరు పీకితే ఎందుకు వస్తోంది? మెషీన్ ఆపినా, వెనక వైరు ఉన్నంతవరకు పవర్ సప్లయ్ నుంచి స్టాండ్‌బై కరెంటు వస్తూనే ఉంటుంది. నెట్‌వర్క్ నుంచి మెషీన్‌ను లేపే సౌకర్యం కోసం ఆ కరెంటు నెట్‌వర్క్ కార్డుకు కూడా అందుతుంది. కాబట్టి కార్డు లోపల ఇరుక్కుపోయిన స్థితి షట్‌డౌన్‌తో చెరగదు. దీనికి తోడు, ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కూడా పూర్తి షట్‌డౌన్ కాదు. విండోస్ తన కెర్నల్‌ను, అంటే లోపలి మూల భాగాన్ని, డిస్క్‌లో దాచి, మళ్ళీ ఆన్ చేసినప్పుడు అక్కడి నుంచే ఎత్తుకుంటుంది. పూర్తిగా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్టే చేయాలి. ఇక్కడ రీస్టార్ట్‌కి కూడా లొంగలేదంటే ఇరుక్కున్నది విండోస్ కాదు, కార్డే. అకౌంటెంట్ మొదటిరోజు చెప్పిన మాటకు ఇంత అర్థం ఉంది.

బోర్డు వైపు లింకు ఖాళీగా ఉన్నప్పుడే ఎందుకు చస్తుంది? ఇక్కడికొచ్చాక ప్రశ్నే జవాబు చెప్పేసింది. ఖాళీగా ఉన్నప్పుడు ఆ లింకుకు జరిగేది ఒక్కటే, నిద్రపుచ్చడం. వెంటనే నా టెస్ట్ మెషీన్ పరీక్ష గుర్తొచ్చింది. రెండు రోజులు ఆ కార్డును క్షణం ఊపిరి తీసుకోనివ్వలేదు. అసలు నిద్రే పోనివ్వకుండా, నిద్రలేచేటప్పుడు వచ్చే జబ్బు దానికి లేదని తేల్చాను.

మూడు నిద్రలు

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే కరెంటు ఆదా పేరుతో నెట్‌వర్క్ కార్డు మీద పనిచేసే సెట్టింగులు ఒకచోట ఉండవు, ఒకే పని చేయవు. అన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్లే నా మొదటి విడత వృథా అయింది.

కేబుల్ వైపు ఉండేది ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్. ఐఈఈఈ 802.3ఏజెడ్ ప్రమాణం, 2010లో వచ్చింది. పంపడానికి ఏమీ లేనప్పుడు కార్డు, స్విచ్ రెండూ ఒప్పందం మీద కేబుల్‌లో సిగ్నల్ తగ్గించుకుంటాయి. గిగాబిట్ లింకులో తిరిగి లేవడానికి 16.5 మైక్రోసెకన్లు చాలు. రెండు వైపులా ఇది ఉంటేనే పనిచేస్తుంది. ఈ ఒప్పందం కుదరకపోతే లింకు ఊడి తగులుకోవడం కనిపిస్తుంది, లైటు ఆరి వెలుగుతుంది, లాగ్‌లో లింకు పోయినట్టు ఎంట్రీలు వరసగా పడతాయి. దీన్ని ఆపే చోటు డివైస్ మేనేజర్‌లో కార్డు అడ్వాన్స్‌డ్ ట్యాబ్. గ్రీన్ ఈథర్నెట్ లాంటి పేర్లతో దాని దగ్గరి బంధువులు కూడా అక్కడే ఉంటాయి.

మధ్యలో ఉండేది మొత్తం కార్డునే పడుకోబెట్టడం. పరికరం పూర్తిగా పనిచేసే స్థితి డీ0, ఆపేసిన స్థితి డీ3. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లోని టిక్ దీనికి సంబంధించింది. లాప్‌టాప్ మూత తెరిచాక నెట్ రాకపోవడం, స్లీప్ నుంచి లేచాక కార్డు మాయమవడం లాంటి వాటికి ఆ టిక్ తీయడం సరైన మందు. చాలా మెషీన్లలో ఒకేసారి మార్చాలంటే విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో కార్డు కీ కింద పీఎన్‌పీ క్యాపబిలిటీస్ అనే విలువను 24 చేస్తారు. మోడర్న్ స్టాండ్‌బై అనే కొత్త రకం స్లీప్ ఉన్న మెషీన్లలో ఆ ట్యాబే కనపడకపోవచ్చు, దాని కోసం వెతికి టెన్షన్ పడక్కర్లేదు.

బోర్డు వైపు ఉండేది పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకు నిద్ర, దీన్ని ఏఎస్‌పీఎం అంటారు. లింకు పూర్తిగా మెలకువగా ఉంటే ఎల్‌0. చిన్న కునుకు ఎల్‌0ఎస్, వెంటనే లేస్తుంది. గాఢమైన నిద్ర ఎల్‌1, లేవడానికి ఎక్కువ సమయం పడుతుంది. లేచేటప్పుడు బోర్డుకూ కార్డుకూ పొత్తు కుదరకపోతే ప్రాసెసర్ కార్డులోంచి ఏది చదివినా అన్ని బిట్లూ ఒకట్లే వస్తాయి. డ్రైవర్ దాన్ని చూసి హార్డ్‌వేర్ పలకడం లేదని నమోదు చేస్తుంది. అదే మన 10400. దీని సెట్టింగ్ డివైస్ మేనేజర్‌లో ఉండదు! పవర్ ప్లాన్ (కరెంటు వాడకానికి సంబంధించిన విండోస్ సెట్టింగుల కట్ట) అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద, లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ అనే పేరుతో ఉంటుంది. ఆఫ్, మోడరేట్, మాగ్జిమమ్ అని మూడు విలువలు. మోడరేట్ ఎల్‌0ఎస్ వాడాలని చూస్తుంది, మాగ్జిమమ్ ఎల్‌1 వాడాలని చూస్తుంది. నెట్‌వర్క్ సమస్య కోసం వచ్చినవాడు పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళడానికి కారణం కనపడదు కాబట్టి ఎవరూ వెళ్ళరు. నేనూ వెళ్ళలేదు.

ఇప్పుడు వెళ్ళాను. నడుస్తున్న ప్లాన్ పవర్ సేవర్. లింక్ స్టేట్ విలువ మాగ్జిమమ్.

ఇదెప్పటి నుంచి ఉందని అడిగితే, అప్పుడు బయటపడింది. సరిగ్గా మూడు నెలల క్రితం కరెంటు ఖర్చు తగ్గించాలని ఆఫీసులో చెప్పారట. ఒక ఉద్యోగి శ్రద్ధగా పదకొండు మెషీన్లనూ పవర్ సేవర్‌లో పెట్టారు. మెయిన్ సిస్టమ్ నిద్రపోతే అందరి పనీ ఆగుతుందని దానికి మాత్రం స్లీప్‌ను నెవర్ చేశారు. అంతకుముందు హై పెర్ఫార్మెన్స్ ప్లాన్ ఉండేదట, అందులో లింక్ స్టేట్ ఆఫ్‌లో ఉంటుంది. "మొదటిరోజే అడిగాను కదా, ఏమైనా మార్చారా అని?" అన్నాను. "నెట్‌వర్క్‌లో ఏమైనా మార్చారా అని అడిగారు సార్. నెట్‌వర్క్‌లో ఏమీ మార్చలేదు" అన్నారాయన. నిజమే. ప్రశ్న ఇరుకుగా వేసింది నేను. ఇప్పుడు మెషీన్‌లో గానీ, గదిలో గానీ, కరెంటులో గానీ ఏం మారిందని అడుగుతున్నాను.

మిగతా పది మెషీన్లూ అదే మోడల్, అదే చిప్, అదే ప్లాన్. వాటికెందుకు రాలేదు? అవి పని ఉన్నంతసేపూ పని చేస్తాయి, పని లేకపోతే మొత్తం మెషీనే స్లీప్‌లోకి పోతుంది. మెలకువగా ఉంటూ పని లేకుండా గంటల తరబడి కూర్చునేది ఒక్క మెయిన్ సిస్టమే. ఆ ఉద్యోగి జాగ్రత్తగా పెట్టిన నెవర్ వల్లే సమస్య దానికొక్కదానికే పరిమితమైంది.

సమస్యను పిలిపించడం

ఇంత కథ అల్లాక కూడా అది ఊహే. సెట్టింగ్ మార్చేసి మూడు వారాలు ఎదురుచూడొచ్చు, కానీ అప్పటికే ఒకసారి మాట పోయింది. కోరినప్పుడు సమస్యను రప్పించగలిగితేనే కారణం పట్టుకున్నట్టు. పూర్తి లోడ్ పెడితే లింకు నిద్రపోదు. అసలు లోడ్ లేకపోతే నిద్రపోతుంది గానీ లేవాల్సిన పని అంతగా పడదు. కావాల్సింది నిద్ర, మెలకువ, నిద్ర, మెలకువ. అందుకని పక్క మెషీన్ నుంచి చిన్న స్క్రిప్ట్ నడిపాను. 2 నుంచి 90 సెకన్ల మధ్య యాదృచ్ఛికంగా ఎంతో కొంత ఆగి, మెయిన్ సిస్టమ్ నుంచి ఒక చిన్న ఫైలు చదివి, టైము రాసుకుని, మళ్ళీ ఆగుతుంది. ఆఫీసు మూశాక సాయంత్రం ఏడుకు మొదలు, పొద్దున ఎనిమిదికి ఆపడం.

మొదటి రాత్రి 7 గంటల్లో పోయింది. రెండో రాత్రి 4 గంటల్లో, మూడో రాత్రి 11 గంటల్లో. ఆరు రోజులకోసారి దొరికే దొంగ ఇప్పుడు ప్రతి రాత్రీ దొరుకుతున్నాడు. ఆ మూడో పొద్దున నాకు కలిగిన సంతోషం ఆఫీసువాళ్ళకు అస్సలు అర్థం కాలేదు.

ఆ తర్వాత రాత్రికి ఒక్క మార్పు. పవర్ మేనేజ్‌మెంట్ టిక్‌ను తిరిగి పెట్టి, కార్డు పోతుందో లేదో చూశాను, 9 గంటల్లో పోయింది. టిక్ తీసి ఉన్నా పోయింది, పెట్టి ఉన్నా పోయింది కాబట్టి దానికి సంబంధం లేదు. ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్ ఆపితే 5 గంటల్లో పోయింది. లైటు వెలుగుతూ ఉందంటేనే ఇది కాదని తెలుసు, అయినా కాగితం మీద ఉండాలని చేశాను. దాన్ని మళ్ళీ ఆన్ చేసి, లింక్ స్టేట్ ఒక్కటే ఆఫ్ చేశాను. మూడు రోజుల సెలవులు కలిసొచ్చాయి. 84 గంటలు ఆపకుండా నడిచింది, ఒక్క 10400 లేదు. సెలవులయ్యాక రాత్రికి మళ్ళీ మాగ్జిమమ్ పెట్టాను. 6 గంటల్లో పోయింది.

ఆ ఆఖరి రాత్రి అనవసరమని నాతో ఒక మిత్రుడు వాదించాడు. నేనొప్పుకోను. బాగైన దాన్ని కావాలని మళ్ళీ చెడగొట్టగలిగితేనే, బాగుచేసింది ఆ మార్పేనని నమ్ముతాను. లేకపోతే ఆ 84 గంటలు మొదటి విడత నాలుగు రోజుల్లాంటివే కావచ్చు.

పరిష్కారం, అది నిలబడకపోవడం

మెయిన్ సిస్టమ్‌ను బ్యాలెన్స్‌డ్ ప్లాన్‌లోకి మార్చి, అందులో లింక్ స్టేట్ ఆఫ్ చేశాను. బయోస్‌లో కూడా ఏఎస్‌పీఎం ఆపే వీలుంది, కావాలనే దాన్ని ముట్టుకోలేదు. బయోస్‌లో చేసిన మార్పు నా తర్వాత వచ్చేవాళ్ళకు కనపడదు, బయోస్ అప్‌డేట్‌తో చెప్పకుండా ఎగిరిపోతుంది. దీని మీద వేరే అభిప్రాయం ఉన్నవాళ్ళు ఉంటారు.

ప్లగ్ దగ్గర పెట్టే మీటరుతో ముందూ వెనకా చూశాను. లింక్ స్టేట్ ఆఫ్ చేసినందుకు అంకెలో తేడా, మీటరు తనంతట తాను ఊగే దాంట్లో కలిసిపోయింది. ఆదా కావాలంటే స్క్రీన్లు త్వరగా ఆరిపోయేలా, మిగతా పది మెషీన్లు త్వరగా స్లీప్‌లోకి పోయేలా చేయడంలోనే అసలు లాభం. అదీ చేసిచ్చాను. మూడు వారాలు ఆగి, తీరిందని చెప్పాను.

అయిదో వారంలో ఫోన్. మళ్ళీ పోయింది. వెళ్ళి చూస్తే ప్లాన్ పవర్ సేవర్‌లో ఉంది. ఖర్చు గురించి మళ్ళీ గుర్తుచేశారట, అదే ఉద్యోగి మళ్ళీ అంతే శ్రద్ధగా అన్నీ మార్చారు. లింక్ స్టేట్ విలువ మెషీన్‌కు ఒకటి కాదు, ఒక్కో ప్లాన్‌కు ఒకటి. నేను బ్యాలెన్స్‌డ్‌లో మాత్రమే మార్చాను, పవర్ సేవర్‌లో మాగ్జిమమ్ అలాగే కూర్చుని ఉంది. ఆయనకు ఎందుకు మార్చకూడదో నేను చెప్పనూ లేదు, రాసిపెట్టనూ లేదు.

ఈసారి పవర్ సెట్టింగులను మార్చే పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో మెషీన్‌లో ఉన్న అన్ని ప్లాన్లలోనూ ఆ విలువను 0 చేశాను. అందులో 0 అంటే ఆఫ్, 1 మోడరేట్, 2 మాగ్జిమమ్. నడుస్తున్న ప్లాన్ విలువను మార్చినప్పుడు ప్లాన్‌ను మళ్ళీ యాక్టివ్ చేసే కమాండ్ ఇవ్వాలి, లేకపోతే మార్పు వెంటనే అమల్లోకి రాదు. అదే పనిని మెషీన్ ఆన్ అయిన ప్రతిసారీ చేసేలా, పనుల్ని తనంతట తాను నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాను. ఎవరు ఏ ప్లాన్ ఎంచుకున్నా, పెద్ద అప్‌డేట్ ఏదైనా వచ్చి విలువలు మొదటికి తెచ్చినా, తర్వాతి రీస్టార్ట్‌లో సరిపోతుంది. కార్డు అడ్వాన్స్‌డ్ ట్యాబ్ విలువలకు ఈ ఏర్పాటు వర్తించదు, డ్రైవర్ అప్‌డేట్ అయితే అవి మారొచ్చు. ఇక్కడ అవి కారణం కాదు కాబట్టి వదిలేశాను.

కార్డు ఎందుకు దోషి కాదు

పెట్టె మీద 'పోయింది' అని రాసిన ఆ కార్డును మళ్ళీ నా టెస్ట్ మెషీన్‌లో పెట్టి, ఈసారి లింక్ స్టేట్ మాగ్జిమమ్‌లో ఉంచి, అదే స్క్రిప్ట్‌తో వారం రోజులు నడిపాను. ఒక్కసారి కూడా పోలేదు. నా దాంట్లో బోర్డు వేరు. ఆ ఆఫీసు బోర్డులోని ఇతర పీసీఐ ఎక్స్‌ప్రెస్ పరికరాలు కూడా అదే మాగ్జిమమ్‌లో హాయిగా పనిచేశాయి. ఆ బోర్డూ ఆ చిప్పూ కలిసి ఎల్‌1 నుంచి లేచేటప్పుడే తేడా. ఒకదాని కంపెనీ పేరు రాస్తే రెండోదానికి అన్యాయం, రెండూ రాస్తే అవి బాగా పనిచేస్తున్న వేరే చోట్ల ఎవరో వాటిని అనవసరంగా పీకేస్తారు.

మూడోసారి తీరిందని చెప్పి ఏడు నెలలైంది. మెయిన్ సిస్టమ్ పక్కన ఒక కాగితం అతికించాను. అందులో ఉన్నది ఇది: "ఈ మెషీన్‌లో పవర్ ప్లాన్ మార్చితే నెట్‌వర్క్ పోవచ్చు. మార్చక తప్పకపోతే మార్చాక రీస్టార్ట్ చేయండి. నెట్‌వర్క్ పోతే ముందు వెనక లైటు వెలుగుతోందో లేదో చూసి, టైము రాసుకుని, ఆ తర్వాతే పవర్ వైరు పీకండి." దాని కింద తారీకులు రాసుకోవడానికి గీసిన పట్టీ ఖాళీగానే ఉంది.